పరదేశపు బాటలు – జరిమానాలు

పూర్వము దూరదేశమునుండి మన యిండ్లకు వచ్చు జాబులలో క్షేమసమాచారములే యుండెడివి. ఇప్పుడు క్షేమసమాచారములన్నియు చేతిలోని ఫోనునకే వచ్చుచుండుటచే, తపాలావాడు వాకిట నిలిచి సంతకము చేయించుకొని యిచ్చు జాబనగానే, బ్యాంకువారిదో న్యాయస్థానమువారిదో యని గుండె ఝల్లుమనును. వీనికి తోడుగా ఇటీవల మఱియొక విధమైన జాబు మన యూళ్లకు వచ్చుచున్నది. అది ఇటలీ దేశమునందలి యొక నగరపాలక సంఘమువారు పంపినది. మీరు ఫలాని తేదీని, ఫలాని గంటకు, మా నగరములో ప్రవేశింపగూడని వీథిలోనికి కారు నడపితిరి గావున ఇన్ని యూరోలు చెల్లింపవలయునని దాని సారాంశము. విహారయాత్ర ముగిసి, ఫొటోలు చుట్టములందఱికిని చూపి, తెచ్చిన వస్తువులు పంచిపెట్టి, అంతయు మఱచిన పిమ్మట, ఏ యెనిమిది తొమ్మిది నెలలకో అది వచ్చి చేరును.

జాబు నందుకొనునది సాధారణముగా గృహిణియే. కారు అద్దెకు మాటాడుకొనునపుడు ఎవరి క్రెడిట్ కార్డు ముందుగా చేతికి వచ్చిన వారి పేరే వ్రాయింతురు గనుక, ఒక్కొక్కయెడ అద్దెపత్రముమీద నుండునదియు ఆమె పేరే. కావున నివి పురుషుల సంగతులని మనము ఊరకుండుట తగదని తోచి, ఈ నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా యెఱుకలోని యొక కుటుంబమువారి కథ చెప్పెదము. భార్యాభర్త లిరువురును ఉద్యోగస్థులు. మే నెలలో ఇటలీకి పోయి, పీసా విమానాశ్రయమున కారు అద్దెకు తీసికొని, ఫ్లోరెన్సు నగరమున బస కుదిరిన హోటలును వెదకుకొనుచు పోయిరి. దారి తప్పి యొకసారి వెలుపలికి వచ్చి, మరల వేఱొక వీథిగుండ లోనికి పోయిరి. ఆ రెండు ప్రవేశములకు నడుమ పావుగంట కంటె నెక్కువ లేదు. ఆగస్టులో క్రెడిట్ కార్డు లెక్కయందు కారు సంస్థవారు రెండుమార్లు కొంత సొమ్ము తీసికొన్నట్లు కనబడెను. ఏదో చిల్లర ఖర్చని యూరకుండిరి. మరుసటి మార్చిలో రెండు రిజిష్టరు జాబులు వచ్చినవి. ఇక ఇంట సభ కూడినది. చింపి పారవేయుడు, సముద్రములు దాటివచ్చి పట్టుకొందురా యని మామగారు. పోలీసు కాగితము ఇంట నుండుటయే అరిష్టము, ఎంతయైనను కట్టివేయుడని అత్తగారు. కార్డునుండి సొమ్ము తీసికొనిరి గదా, మరల నెందులకని భర్త. పత్రముమీద నున్నది కోడలి పేరు. ఆమె చెల్లెలు జర్మనీలో నున్నది. ఆ సంవత్సరము పురిటికి తోడు పోవలసినది ఈమెయే. తన పేర నున్న యీ కాగితము వలన ఆ ప్రయాణమునకేమి విఘ్నము వచ్చునో యని ఆ పిల్ల రెండు రాత్రులు కన్ను మూయలేదు.

ఈ మువ్వురి మాటలలోను కొంత నిజము, కొంత పొరపాటు కలదు. ముందుగా ఆ నిషేధమేమో తెలిసికొందము.

ఇటలీ నగరములలో పెక్కింట, నడిబొడ్డున నుండు ప్రాచీనభాగమును వాహనములనుండి కాపాడుటకు ఒక కట్టడి చేసియున్నారు. వారి భాషలో దానిని జోనా ఆ త్రాఫికో లిమితాతో అందురు. రాకపోకలు పరిమితమైన మండలమని యర్థము. ఫ్లోరెన్సు, రోము, పీసా, బొలోన్యా, సియేనా మొదలగు నగరములన్నింటను ఇది కలదు. సియేనావారు 1960ల నాడే తమ నడియూరినుండి కార్లను తఱిమివేసిరి. ఆ వీథులు గుఱ్ఱములకును, పాదచారులకును ఏర్పడినవి. ఇరువురు చేతులు చాచి నిలిచిన దారి మూసికొనిపోవునంత యిఱుకు సందులు. ఫ్లోరెన్సు ప్రాచీనభాగమును యునెస్కోవారు 1982లో ప్రపంచ వారసత్వస్థలముగా గ్రహించిరి. తిరుమలలో శ్రీవారి మాడవీథులలోనికి మన కారును పోనిచ్చెదరా? అది యెట్టిదో యిదియు నట్టిదే. ఆ నగరములు ఈ జరిమానాలచే సొమ్ము చేసికొనుచున్నవని నిందించువారును గలరు. ఆ నింద పూర్తిగా అసత్యమని మేమనజాలము గాని, కట్టడి పుట్టిన కారణము మాత్రము న్యాయమైనదే.

చిక్కు వచ్చునది గుర్తులయందు. అచ్చట అడ్డుగఱ్ఱ యుండదు, పోలీసువాడు నిలువడు, గంట మ్రోగదు. తెల్లని గుండ్రని పలకకు ఎఱ్ఱని యంచు, దాని క్రింద గంటలు, దినములు వ్రాసియుండును, అంతియే. దాని చెంత నొక కెమేరా. అది ప్రతి కారు నంబరును చదివి, అనుమతిగల వారి పట్టీతో సరిచూచును. కొన్ని ద్వారములకడ విద్యుద్దీపములతో అక్షరములు వెలుగుచుండును. వార్కో అత్తీవో యని యున్నచో, ద్వారము పనిచేయుచున్నదని పదార్థము. క్రొత్తవారు దానినిజూచి ద్వారము తెఱచియున్నదని భ్రమపడి లోనికి పోవుదురు. నిజమునకు నిషేధము పనిచేయుచున్నదని దాని భావము, లోనికి పోగూడదు. వార్కో నోన్ అత్తీవో యని యున్నప్పుడే పోవచ్చును. ఈ యొక్క మాట కంఠస్థము చేసికొని పోయినవారికి ఆ యాత్రలో సగము చిక్కు తీఱినట్లే. దారి చెప్పు ఫోనును నమ్ముకొనరాదు. అది ప్రతిచోటను ఈ మండలములను తప్పించి తీసికొనిపోదు. నిషేధపు గంటలును ఊరికొక తీరు. వేసవి రాత్రులయందు అదనముగా మూయు ఊళ్లును గలవు.

హోటలు ఆ మండలము లోపల నున్నచో, ముందుగానే వారికి కారు నంబరు తెలిపిన, వారు నగరపు పోలీసులకు ఆ నంబరు పంపి, అతిథికి ప్రవేశము సంపాదింతురు. కొన్ని నగరములలో ప్రవేశించిన పిదపకూడ కొలది గడువులోపల పంపవచ్చును. కాని అడుగనిదే వారు చేయరు. సామాను మోయు శ్రమకు వెఱచి కారును వాకిలివఱకు తీసికొనిపోవు యాత్రికుడు, దిగినతోడనే హోటలు గుమాస్తాను అడుగవలసిన మొదటి ప్రశ్న యిదియే. స్నానపు నీళ్లు వేడిగా వచ్చునా యనునది తరువాతిది.

ఇక కార్డునుండి తీసికొన్న సొమ్ము సంగతి. కెమేరా చదివిన నంబరు అద్దెసంస్థది. నగరపు పోలీసులు ఆ సంస్థకు వ్రాసి, ఆనాడు ఆ కారు ఎవరి స్వాధీనమున నుండెనని యడుగుదురు. సంస్థవారు అద్దెపత్రము చూచి పేరు, చిరునామా తెలుపుదురు. ఆ తెలిపిన శ్రమకు గాను, పత్రములో వ్రాసికొన్న షరతు ననుసరించి, తమ రుసుము కార్డునుండి తీసికొందురు. ఒక్కొక్క ప్రవేశమునకు అది నలుబది, ఏబది యూరోల చుట్టుప్రక్కల నుండును. ఇది జరిమానా కాదు. జరిమానా వచ్చుచున్నదని తెలుపు దండోరా మాత్రమే. ఆ భర్తగారి పొరపాటు ఇచ్చటనే కలిగినది. కార్డు లెక్కలో ఇట్టి మొత్తము కనబడిన దినమునుండియే జాబుకొఱకు ఎదురుచూచుచు, చిరునామా మాఱియున్నచో పాత యింటివారికి చెప్పియుంచవలెను.

బండి యొకరిది, తోలినవా డొకడు, ఎక్కినవారు వేఱొకరు, దండుగ యెవరిది? ఈ ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున దీని నెంత నిపుణముగా విచారించిరో చూచిన ఆశ్చర్యము కలుగును. ముక్కుత్రాడు తెగుట, కాడి విఱుగుట, ఇరుసు విఱుగుట మొదలుగా పది సందర్భములలో తోలువానికిని, యజమానునికిని దండన లేదు. తొలగుడని తోలువాడు పెద్దగా కేక వేసి యుండిన అదియు నొక మినహాయింపే. తోలువాని అసమర్థతచే బండి దారితప్పి హాని జరిగినచో యజమానునికి రెండువందలు. తోలువాడు నేర్పరి యయ్యు తప్పు చేసినచో దండన వానికే. నేర్పులేనివాడని యెఱిగియు ఆ బండి యెక్కినవారు తలకొక నూఱు చెల్లింపవలెను. నేటి అద్దెసంస్థలు తమ యజమానత్వపు దండుగను తోలినవానిపైకి త్రోయుటకు వ్రాయించుకొను పత్రములన్నియు ఈ నాలుగు శ్లోకముల లోపలనే యున్నవని మాకు తోచును. బండిలో కూర్చున్నవారి బాధ్యత మాత్రము నేటివారు మఱచినారు.

జాబునకు కాలపరిమితి గలదు. ఇటలీ దేశపు 1992 నాటి మార్గశాసనము ప్రకారము, ఆ దేశవాసులకు 90 దినములలోను, పరదేశవాసులకు 360 దినములలోను జాబు అందజేయవలెను. అద్దెకారు విషయమున ఈ లెక్కను, సంస్థవారు పేరు తెలిపిన నాటినుండి చేయుట వాడుక గావున, యాత్ర జరిగిన సంవత్సరమునకు పైన వచ్చినను ఆశ్చర్యపడ నక్కఱలేదు.

సొమ్ము విషయమున అసలు మర్మము దినముల లెక్కలో నున్నది. ఈ తప్పునకు కనిష్ఠ దండుగ ఇంచుమించు 83 యూరోలు. 2013లో చేసిన సవరణ వలన, జాబు అందిన 5 దినములలో చెల్లించినవారికి నూటికి 30 వంతున తగ్గింపు గలదు. అనగా 58 యూరోల చిల్లరకు దిగును. 60 దినముల లోపల నైనచో తగ్గింపు లేక పూర్తి కనిష్ఠము. అరువది దినములు దాటినచో గరిష్ఠములో సగము, అనగా రెట్టింపు కట్టవలసి వచ్చును. తపాలా మొదలైన ఖర్చులు వీనికి అదనము. చింపివేయుదమా, కట్టుదమా యని ఇంటిల్లిపాది వాదించుచుండగా గడచిపోవునవి ఆ మొదటి అయిదు దినములే. కావున జాబు వచ్చినతోడనే కవరుమీద అందిన తేదీ వ్రాసియుంచవలెను. కవరు పారవేయరాదు.

ఆ తరువాత జాబును నిదానముగా చదువవలెను. సాధారణముగా ఇంగ్లీషులోకూడ వ్రాసియుండును. కారు నంబరు, తేదీ, గంట, వీథిపేరు చూచి, అద్దెపత్రముతో సరిపోల్చవలెను. కారు మరల అప్పగించిన తరువాతి తేదీ యున్నచో ఆ తప్పు మీది కాదు. ఫొటో చూచుటకు వెబ్‌సైటు చిరునామా, రహస్యసంఖ్య యిచ్చియుందురు. రెండు జాబు లున్నచో గంటలు వేఱైయున్నవో లేవో చూచిన, ఒక్కదానికే నకలు వచ్చినదా, రెండు ప్రవేశములా యనునది తేలును. మన కథలోనివారికి రెండు ప్రవేశములే. ఒక్కొక్క ప్రవేశమును వేఱు వేఱు తప్పుగా లెక్కించుట అప్పటి ఆ దేశపు పద్ధతిగా నుండెను.

చెల్లించుటకు మార్గములు రెండు. కార్డుతో వెబ్‌సైటునందు చెల్లించుట సులభమైనది. అయితే రిజర్వు బ్యాంకువారి నిబంధన ననుసరించి 2020 మొదలుగా, మన బ్యాంకులు క్రొత్తగా ఇచ్చు కార్డులు స్వదేశపు వాడుకకే తెఱచియుండును. పరదేశపు చెల్లింపునకు మనమే అనుమతి పెట్టుకొనవలెను. ఇది తెలియక మూడుమార్లు ప్రయత్నించి, కార్డు చెడిపోయినదని విసుగుచెంది, అయిదవ దినమును దాటించుకొన్నవారిని ఎఱుగుదుము. రెండవది బ్యాంకుద్వారా సొమ్ము పంపుట. దారిలోని బ్యాంకులు తమ రుసుమును తగ్గించుకొనినచో అచ్చటికి చేరునది తక్కువగును. రెండు యూరోలు తక్కువైనను చెల్లింపు పూర్తి కానట్లే. కావున ఖర్చులన్నియు పంపువారే భరింతురని బ్యాంకు గుమాస్తాకు స్పష్టముగా చెప్పవలెను. జాబుమీది సంఖ్యను, కారు నంబరును తప్పక వ్రాయించవలెను. లేనిచో సొమ్ము ఎవరిదో వారికి తెలియదు. రసీదు అయిదు సంవత్సరములు దాచుట మంచిది. ఇటలీలో ఇట్టి బాకీకి కాలదోషము పట్టునది అయిదేండ్లకు.

తప్పు తమది కాదని తోచినవారు అప్పీలు చేయవచ్చును. ప్రిఫెక్టు అను అధికారికి 60 దినములలో వ్రాసికొనుట యొకటి. దీనికి రుసుము లేదు. కాని అది త్రోసివేయబడినచో కనిష్ఠమునకు రెట్టింపు చెల్లింపవలెను. శాంతిన్యాయాధిపతి కోర్టున వేయుట రెండవది. పరదేశవాసులకు దానికిని 60 దినముల గడువే. కోర్టురుసుము ఉండును, వ్యవహారమంతయు ఇటాలియను భాషలో. ఒకసారి సొమ్ము కట్టినచో అప్పీలు హక్కు పోవును. హోటలువారు సకాలమున నంబరు పంపిన రుజువున్నచోను, కారు తమ చేతిలో లేని దినమైనచోను, అప్పీలునకు అర్థముండును. బోర్డు కనబడలేదనియు, ఫోను ఆ దారినే చూపినదనియు వ్రాసినచో ప్రయోజన ముండదు.

చింపి పారవేయుమన్న మామగారికి, అరిష్టమన్న అత్తగారికి మేము చెప్పిన దిది. ఇది నేరము కాదు. ఆ దేశపు చట్టములో పరిపాలనాపరమైన దండుగ మాత్రమే. చెఱసాల లేదు, అపరాధియను ముద్ర లేదు. కాని చింపినంత మాత్రమున అది మాసిపోదు. రెట్టింపై, వసూలు చేయు సంస్థల చేతికి పోయి, జాబుమీద జాబు వచ్చుచునే యుండును. ఇంటిలో నొక పిల్ల ప్రతి జాబునకు ఉలికిపడుచు అయిదేండ్లు గడపుటకంటె ఆ సొమ్మెక్కువదా? నాలుగవ దినమున వారు తగ్గింపుతో రెండును చెల్లించిరి. కోడలు జర్మనీ పోయి, చెల్లెలి పురుడు చూచుకొని, మూడు నెలలుండి వచ్చినది.

బ్రిటనులో పద్ధతి వేఱు. లండనునకు తూర్పున డార్ట్‌ఫర్డు వద్ద థేమ్సు నది దాటు మార్గమునకు సుంకము గలదు. 2014 నవంబరువఱకు అచ్చట సుంకపు గుమ్మములుండెను, తరువాత తీసివేసిరి. ఇప్పుడు దాటినవారు మరునాటి అర్ధరాత్రి లోపల తామే చెల్లింపవలెను. చెల్లింపనివారికి 70 పౌండ్లు, 14 దినములలో కట్టినచో 35. అడుగువాడు లేడుగదా యని పోయినవారికి అద్దెసంస్థ రుసుముతో కలిపి అది వచ్చును. వేగపు తప్పైనచో, పోలీసులు 14 దినములలో బండి యజమానునికి నోటీసు పంపుదురు; ఎవరు తోలిరో 28 దినములలో తెలుపవలెను. తెలుపకుండుట అసలు తప్పుకంటె పెద్దది.

ఈ యెవరు తోలిరనెడి ప్రశ్నకు సమాధానము వ్రాయుటలో నొక యిల్లాలు పడిన పాటు సోదరీమణులు తెలిసికొనదగినది. క్రిస్ హ్యూన్ అను రాజకీయనాయకుని కారు 2003 మార్చిలో ఎం-11 రహదారిమీద వేగపు కెమేరాకు చిక్కెను. ఆయన లైసెన్సుమీద అప్పటికే తప్పుగుర్తులు నిండవచ్చుచుండెను. ఇంకను మూడు పడినచో లైసెన్సు పోవును. తోలినది తానేయని ఆయన భార్య, గొప్ప ఆర్థికశాస్త్రవేత్త వికీ ప్రైస్, సంతకము చేసి ఆ గుర్తులు తన లైసెన్సుమీద వేయించుకొనెను. చిత్రమేమనగా, కారు నడపుచు ఫోనులో మాటాడిన వేఱొక తప్పునకు ఆయన లైసెన్సు ఆ యేడే పోయెను. ఆమె మోసిన భారము వృథా. ఆయన 2010లో మంత్రి యయ్యెను. అదే సంవత్సరము భార్యను విడిచి వేఱొక స్త్రీతో పోయెను. 2011లో సంగతి పత్రికలకెక్కెను. 2012 ఫిబ్రవరిలో నేరారోపణ, మంత్రిపదవికి రాజీనామా. 2013లో ఆయన తప్పొప్పుకొనెను. భర్త బలవంతమున చేసితినని ఆమె వాదించెను. ఆ వాదము భార్యలకు మాత్రమే గల పాతకాలపు రక్షణ, 1925 నాటి శాసనములోనిది. మొదటి జూరీ తీర్పు చెప్పలేకపోయెను. రెండవ జూరీ నమ్మలేదు. 2013 మార్చి 11న ఇరువురికిని ఎనిమిదేసి నెలల చెఱసాల విధించిరి. మరుసటి సంవత్సరము ఆ రక్షణనే శాసనమునుండి తొలగించిరి.

మూడు గుర్తులు, కొన్ని పౌండ్లు, వానికై చెఱసాల! బోయవాడు దారికాచి తెచ్చిన సొమ్ము తినిన భార్య, పాపములో పాలు పంచుకొందువా యని యడిగినప్పుడు పంచుకొననని నిష్కర్షగా చెప్పెనని, అందుచేతనే ఆ బోయ వాల్మీకి యయ్యెనని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. మా బాల్యమున ఆమె నిర్దయురాలని తోచెడిది. ఇప్పుడు తోచదు. అద్దెకారులో ఎవరు తోలిరో వారి పేరే చెప్పవలెను. పత్రముమీద భార్య పేరుండి భర్త తోలినచో, కారు తీసికొనునాడే రెండవ తోలరిగా ఆయన పేరు వ్రాయించుట యావశ్యకము. ఆ అదనపు రుసుమునకు వెనుకాడినచో, ప్రమాదము జరిగిననాడు భీమాయు వర్తింపకపోవచ్చును.

అమెరికాలో బిడ్డల యిండ్లకు పోయి కారు నడపువారికి రెండు మాటలు. వెనుక పోలీసుదీపములు వెలిగినచో కారును ప్రక్కకు నిలిపి, దిగక, చేతులు చక్రముమీద కనబడునట్లు ఉంచవలెను. లైసెన్సుకొఱకు సంచిలో చేయి పెట్టుటకు ముందు చెప్పవలెను. అధికారి యిచ్చు చీటిమీద సంతకము తప్పొప్పుకొనుట కాదు, సమాధానము చెప్పుదునను వాగ్దానము. అచ్చటికక్కడ సొమ్ము చేతిలో పెట్టబోవుట మహాప్రమాదము, లంచమని తలతురు. చీటిలోని కోర్టుకు, చీటిలోని తేదీలోపల చెల్లింపవలెను, లేదా కాదనవలెను. కాలిఫోర్నియాలో కోర్టుకు పోకయే వ్రాతమూలమున వాదించుకొను వీలు గలదు. ఊరకుండినచో లైసెన్సు నిలిచిపోవుట, వారంటు పుట్టుట మొదలగునవి వచ్చును.

గల్ఫు దేశముల సంగతి మన కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమ యిల్లాండ్రకు ఇంకను దగ్గఱిది. వారి భర్తలలో పెక్కురు అచ్చట బండి తోలియే బ్రదుకుచున్నారు. ఎమిరేట్సులో జరిమానా బండి నంబరుమీద పడును. ఏటేట రిజిస్ట్రేషను పునరుద్ధరించునపుడు బాకీ తీర్చినగాని పని జరుగదు. ఎఱ్ఱదీపము దాటినచో 1000 దిర్హములు, 12 నల్లగుర్తులు. పరిమితికి 80 కిలోమీటర్లు మించి పోయినచో 3000 దిర్హములు, 23 నల్లగుర్తులు, 60 దినములు బండి స్వాధీనము. ఇరువది నాలుగు గుర్తులు నిండినచో లైసెన్సు నిలుపుదల. తోలుటయే జీవనమైనవానికి సొమ్ముకంటె గుర్తుల లెక్కయే ముఖ్యము. ఇంటికి పంపు సొమ్ము ఒక నెల తగ్గినచో, భార్య ఇది యడిగి తెలిసికొనుట తప్పు కాదు.

ప్రయాణమునకు ముందు చేయవలసిన దొకటి మిగిలినది. మన లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు తీసికొనవలెను. 1949 నాటి జెనీవా ఒడంబడిక ననుసరించి మన రవాణా కార్యాలయములవారు ఇత్తురు. 1000 రూపాయల రుసుము, ఒక్క సంవత్సరపు గడువు. ఇటలీలో ఇది లేక కేవలము మన లైసెన్సుతో తోలుట మఱియొక జరిమానాకు దారి. పర్మిటొక్కటే తీసికొని అసలు లైసెన్సును ఇంట మఱచిపోయినచోను చెల్లదు. రెండును వెంట నుండవలెను.

కడపట నొక హెచ్చరిక. నిజమైన జరిమానాలు తెలిసినతోడనే దొంగలును బయలుదేరిరి. బాకీపడిన సుంకము వెంటనే చెల్లింపుడని ఫోనునకు సందేశములు పంపి మోసము చేయుచున్నారని, 2024 ఏప్రిలులో అమెరికా ఎఫ్.బి.ఐ.వారు ప్రకటించిరి. మన దేశముననే చలానా పేర వాట్సాపులో పంపిన దానిని నొక్కినచో, ఫోనులోనికి దొంగ ప్రవేశించి బ్యాంకు సొమ్ము హరించిన సంఘటనలు గలవు. ఇటలీనుండి వచ్చునది తపాలాలో సంతకము తీసికొని యిచ్చు జాబు. అందులో మీ కారు నంబరు, గంట, వీథిపేరు ఉండును. సందేశములో వచ్చు లంకెను నొక్కక, జాబుమీద అచ్చయిన చిరునామాను స్వయముగా అక్షరమక్షరము కొట్టి తెఱచి, రహస్యసంఖ్య వేసి, మీ కారు ఫొటో కనబడిన పిమ్మటనే కార్డు బయటికి తీయవలెను.